ఎనిమిది నిమిషాల బాకీ

అన్యాయం ఎవరికి జరిగింది? పంపుల మేస్త్రికి.

ఎలా జరిగింది? పదకొండేళ్ళ కిందట టెండరు కవరు పట్టుకుని గడువులోపలే వచ్చి నిలబడ్డ మనిషిని, గడువు దాటిపోయిందని చెప్పి తిప్పి పంపారు.

పంపినది ఎవరు? స్వయానా అన్నగారు.

నిన్న సాయంత్రం వరకు ఈ సంగతి ఆ అన్నగారి ఇంట్లో ఒక్కరికే తెలుసు. ఇవాళ ఇద్దరికి తెలుసు. అందువల్లనే ఉదయం తొమ్మిదవుతున్నా వంటింటి బల్లమీద ఫలహారం పళ్ళేలు నాలుగూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ముందుగది తలుపు లోపల గడియ వేసి ఉంది. పట్టణ కార్యాలయంలో ముప్పయ్యారేళ్ళు పనిచేసి పెద్ద గుమాస్తాగా పదవీ విరమణ చేసిన మామగారు ఆ తలుపు వెనక ఉన్నారు. కొలువులో ఉన్నన్నాళ్ళూ ఆయనను చాటుగా రూళ్ళకర్ర అనేవారు. ఆ పేరు ఆయనకూ తెలుసు. దానిని ఆయన ప్రశంసగానే తీసుకున్నారు.

"అసలేమడిగావమ్మా ఆయన్ని?" అత్తగారు కోడలి వైపు చూడకుండా మూకుడు తోముతూ అడిగింది.

"చెప్పాను కదత్తయ్యా. మీరున్నప్పుడు ఆఫీసు గడియారం ముల్లు ఎవరు తిప్పేవారని అడిగాను. అంతే."

"అంతేనట. అంతేదానికి మనిషి రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. ఆఫీసు పెన్సిలు ముక్క కూడా ఇంటికి తేని మనిషిని పట్టుకుని నువ్వు పోలీసులా ముల్లెవరు తిప్పారంటావా?"

"పోలీసులా అడగలేదు."

"ఎలా అడిగావో నేను విన్నాను. మెత్తగా అడిగావు. మెత్తగా అడిగితేనే ఎక్కువ తగులుతుంది."

గడ్డానికి సబ్బు నురగతో భర్త గుమ్మంలోకి వచ్చాడు. "మీరిద్దరూ కాస్త..."

"నువ్వు మాట్లాడకు," అన్నారు అత్తాకోడళ్ళు ఒకేసారి. నిన్నటినుంచి వాళ్ళిద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే. అతడు నురగతో సహా వెనక్కి వెళ్ళిపోయాడు.

కోడలు అదే కార్యాలయంలో కొనుగోళ్ళ గుమాస్తా. పట్టణానికి నీళ్ళు తోడే పంపులు మూడు. వాటిని పట్టణం కొనలేదు. మేస్త్రిని తిప్పి పంపిన నాటినుంచి, పదకొండేళ్ళుగా ఒకే మనిషి దగ్గర అద్దెకు తీసుకుంటోంది. ఒప్పందం పదకొండు నెలలకే రాస్తారు. ఏడాది నిండితే బహిరంగంగా టెండరు పిలవాలి కనుక నిండనివ్వరు. నెల విరామం ఇచ్చినట్టు కాగితంమీద చూపి, పాత ధరమీద కొంత పెంచి, మళ్ళీ అదే మనిషికి ఇస్తారు. ఆయనను ఊరంతా అద్దెబాబు అంటారు. ఈ ఏడు కోడలు ఒక కాగితంమీద రెండు వరుసలు గీసింది. ఒక వరుసలో ఇన్నేళ్ళూ కట్టిన అద్దె, రెండో వరుసలో మూడు కొత్త పంపుల ఖరీదు. ఆ అద్దెతో పంపులు అయిదుసార్లు కొనవచ్చు. కాగితం చూసిన కార్యదర్శి మారుమాట లేకుండా టెండరు పిలిచింది. అమ్మినా సరే, అద్దెకిచ్చినా సరే, మరమ్మతు బాధ్యత మాత్రం ఇచ్చేవాడిదే.

ఆ టెండరు గడువు ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలు.

ఫారం కొన్నవాళ్ళు ఇద్దరే. అద్దెబాబు, పంపుల మేస్త్రి. మేస్త్రి ఫారం కొన్ననాడే కోడలు ఆయన తనకు చిన్నమామగారని రాసిచ్చి ఆ ఫైలు నుంచి తప్పుకుంది. పెట్టెలో ఒక్క కవరే పడితే పాత ఒప్పందం ఇంకో పదకొండు నెలలు సాగుతుంది. మేస్త్రి ఫారం అంతా నింపాడట. ఏడో గడి మాత్రం ఖాళీగా వదిలి సంతకం చేయకుండా కూర్చున్నాడట. ఏ గడి ఖాళీగా ఉన్నా టెండరు చెల్లదు.

కోడలు వెళ్ళి ముందుగది తలుపు తట్టింది.

"మామయ్యగారూ, నేను ఆఫీసుకి వెళ్ళే వేళయింది. ఒక్కసారి తియ్యండి."

గడియ తీసిన చప్పుడయింది.

గదిలో ఒక మంచం, ఒక రాతబల్ల, గోడకు ఆనించి రెండు కుర్చీలు. దుప్పటి నలగలేదు. ఆమె మూడు కాగితాలు బల్లమీద వరుసగా పెట్టింది.

ఆయన ముందు వాటిని చదవలేదు. "ఇవి ఆఫీసు కాగితాలు. ఇంటికెవరు తెమ్మన్నారు?"

"నకళ్ళండి. కార్యదర్శిగారిని అడిగే తెచ్చాను. కింద సంతకం ఉంది చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మూడింటిమీదా సంతకం వెతికి చూసుకున్నారు. అప్పుడు కూర్చున్నారు.

"ఇది చిన్నమామయ్యగారు ధరావతు కట్టిన రసీదు," అంది కోడలు. "నగదు కిటికీ దగ్గర మిషను కొట్టింది. టైము రెండు గంటల యాభై రెండు. ఇది మీ చేతిరాత. కవరు అందిన టైము మూడు గంటల రెండు నిమిషాలు. నగదు కిటికీ నుంచి మీ బల్ల దగ్గరికి హాలు దాటి రావాలి. నేను నిన్న నడిచి చూశాను. దారిలో ఇద్దరు పలకరించినా సరే, రెండు నిమిషాలు మించి పట్టదు."

ఆయన రసీదును తన చేతిరాత పక్కకు జరిపి చూసుకున్నారు.

"గడియారం ఎనిమిది నిమిషాలు ముందుకు ఎందుకు పెట్టారు మామయ్యగారూ?"

"అందరూ ఆలస్యంగా వచ్చేవారు."

"పెట్టాక వేళకి వచ్చారా?"

"వచ్చారు. ఆ గడియారంలో పదయ్యేసరికి అందరూ కుర్చీల్లో ఉండేవారు. కొన్నాళ్ళకి అదే అసలు టైమన్నట్టు అలవాటైపోయింది. నాకూ అంతే."

"బయటివాళ్ళకి ఈ సంగతి తెలుసా?"

"బయటివాళ్ళకి మా గడియారంతో పనేముందనుకున్నాను."

ఆమె మూడో కాగితం ముందుకు జరిపింది. "ఇది ఆ మర్నాటి హాజరు పట్టీ. పదకొండు మంది పదకొండు సంతకాలు. తొమ్మిదీ యాభై, యాభై ఒకటి, యాభై రెండు. ఒక్కరైనా పదింటికి రాలేదు. మీ సర్వీసు మొత్తంమీద మన ఆఫీసువాళ్ళు అందరూ కలిసి ముందే వచ్చిన రోజు ఇంకోటుందా?"

"లేదు."

"వాళ్ళు రోజూ వచ్చే వేళకే వచ్చారు. గడియారం వెనక్కి వచ్చింది. వాళ్ళకంటే ముందే ఎవరో వెళ్ళి సరిచేశారు."

కిటికీ బయట ఎవరిదో సైకిలు గంట మోగి ఆగింది. ఆయన కళ్ళజోడు తీసి మడిచి బల్లమీద పెట్టారు.

"ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేతి గడియారం విప్పుతుంటే గుర్తొచ్చింది," అన్నారు. "కవరు తీసుకున్నప్పుడు గుర్తు లేదు. నమ్ము. వాడు తన వాచీ చూపించాడు. ఆఫీసు గడియారమే ప్రమాణమన్నాను. రూలు అదే."

"మర్నాడు చెప్పవలసింది కదండీ. కవరు విప్పకుండా అలాగే ఉంది. మళ్ళీ టెండరు పిలిచేవాళ్ళు."

"పిలిచేవాళ్ళే. తమ్ముడి కోసం రూళ్ళకర్ర వంగిందనేవాళ్ళు."

"తమ్ముడు కాకపోయి ఉంటే?"

ఈ ప్రశ్న తనను తాను పదకొండేళ్ళుగా అడుగుతూ ఉన్న మనిషిలాగా ఆయన చాలాసేపు బల్లకేసి చూశారు.

"మర్నాడు పదింటికే చెప్పేవాణ్ణి," అన్నారు.

తన చొక్కాకు మచ్చ అంటకూడదని పక్కవాడి ముఖాన మసి పూసినవారిని లోకం చాలాకాలం నిజాయితీపరులనే పిలుస్తుంది. ఆ పిలుపు వారికి చెల్లదు. కోడలు ఆ మాట పైకి అనలేదు. పెద్దవారితో అనవలసినదీ, అనకూడనిదీ ఆమెకు తెలుసు. కాగితాలు మాత్రం తీసుకోలేదు, అక్కడే వదిలింది.

"అక్కడికి నేను రానమ్మాయ్. ఆ హాల్లో, ఆ అద్దెబాబు ముందర... నావల్ల కాదు."

"రమ్మని నేను అడగలేను మామయ్యగారూ. టెండరు వేసేవారికి బంధువుని. ఇవాళ ఆ హాల్లో నేను నోరు విప్పడానికే లేదు."

ఆమె బయటికి వచ్చేసరికి తలుపు పక్కన అత్తగారు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో తోమిన మూకుడు ఉంది. ఎంతసేపటినుంచి ఉందో కోడలు అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూకుడు కింద పెట్టి, చెంగుకు చేతులు తుడుచుకుని, అత్తగారు చెప్పులు వేసుకుంది.

*

మేస్త్రి షెడ్డులో రాగితీగ చుట్టలు మేకులకు వేలాడుతున్నాయి. కిరసనాయిలు బకెట్లో బేరింగులు నానుతున్నాయి. కాలిన మోటారు వార్నిషు వాసన వీధి మలుపు దగ్గరినుంచే తెలుస్తుంది. ఆయన ముక్కాలిపీటమీద కూర్చుని ఒక మోటారు పొట్టలోకి చూస్తున్నాడు. గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు.

పదకొండేళ్ళ తర్వాత వదిన ఆయన గుమ్మం తొక్కడం అదే మొదలు.

"రండి వదినా. మోటారేమైనా కాలిందా?"

"మోటారు కాలకపోతే రాకూడదా?"

"ఇన్నేళ్ళూ మీ ఇంట్లో ఏదీ కాలినట్టు లేదు."

"కాలింది. పైవీధివాడి చేత చుట్టించాం. బాగా చేశాడు."

"తెలుసు. వాడు తెచ్చి నాకే ఇచ్చాడు."

ఆమె తలకిందులు చేసిన డబ్బామీద కూర్చుంది. ఆయన చెయ్యి తుడుచుకుని, జేబులోనుంచి మడతపెట్టిన ఫారం తీసి, ఏడో గడిమీద వేలుపెట్టి చూపించాడు.

"చదవండి. గతంలో మీ టెండరు ఎప్పుడైనా తిరస్కరించారా, తిరస్కరిస్తే కారణం. తిరస్కరించలేదని రాస్తే అబద్ధం. ఆలస్యంగా వచ్చానని రాస్తే అంతకంటే పెద్ద అబద్ధం. ఖాళీగా వదిలితే చెల్లదు. నన్నేం చెయ్యమంటారు?"

"గడియారం తప్పని రాయండి."

"ఎవరు చెప్పారని రాయను? పంపులవాడు చెప్పాడనా? ఆ రోజూ నేనే చెప్పాను. నా వాచీలో రెండూ యాభై నాలుగే. ఎవరు విన్నారు?"

ఆమె కిరసనాయిలు బకెట్లోకి చూస్తూ అంది. "గడియారం ఎనిమిది నిమిషాలు ముందుందట."

మేస్త్రి చేతిలో ఫారం కదలలేదు. "అన్నయ్య చెప్పాడా?"

"ఆ."

"ఎప్పుడు తెలిసిందట?"

మిగతాది ఆమెకు తెలుసు. దానిని చెప్పవలసిన నోరు తనది కాదు. "అది నన్నడక్కండి," అంది.

ఆయన ఆమె ముఖంలోకి కాసేపు చూసి, తల దించుకుని, ఫారాన్ని పాత మడతలమీదనే మళ్ళీ మడిచాడు.

"ఆ రోజు మీరు తాగి వచ్చారన్నారు ఊళ్ళో," అంది ఆమె. "నేనూ అన్నాను. మీ ఆవిడతోనే అన్నాను, కుళాయి దగ్గర, నలుగురూ ఉండగా."

"తెలుసు. మర్నాటినుంచి అది ఆ కుళాయికి వెళ్ళలేదు. రెండు వీధులు దాటి తెచ్చుకుంటుంది."

"ఇప్పటికీనా?"

"ఇప్పటికీ. బిందె బరువెక్కుతోందని కూడా అనదు. అదో రకం."

ఆమె డబ్బామీదనుంచి లేచి, కొంగు సర్దుకుని, లోపలి గుమ్మం వైపు తిరిగింది. తెర వెనక తోటికోడలు ఉన్నదని ఇద్దరికీ తెలుసు. "తప్పయింది," అంది, తెరకు వినబడేట్టుగా. "నోటికొచ్చింది అనేశాను. చూసినట్టే అనేశాను."

తెర వెనక గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి, "ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగుతారా అక్కయ్యా," అని వినిపించింది.

ఆ నీళ్ళు తాగేసరికి ఆమెకు ఎక్కిళ్ళు వచ్చాయి. మేస్త్రి బేరింగులు కడగడంలో మునిగినట్టు నటించాడు.

"మీ బాకీ మాఫీ వదినా," అన్నాడు చివరికి. "పెద్ద బాకీ ఉన్నవాణ్ణి పంపండి."

"మీరు రెండున్నరకి ఆఫీసుకి రండి."

"వస్తాను. రావడానికేం. ఫారం జేబులో పెట్టుకుని వస్తాను. పెట్టెలో వేస్తానని మాత్రం మాటివ్వను."

*

టెండరు పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి కార్యదర్శి దగ్గర, రెండవది లెక్కల విభాగంలో. పెట్టె పక్కన కాగితాలు, లక్క, కొవ్వొత్తి. కార్యదర్శి కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని కూర్చుంది. కోడలి కుర్చీ కిటికీ దగ్గర, బల్లకు దూరంగా ఉంది.

అద్దెబాబు తన కవరు రెండు గంటలకే వేసి, కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"ఏం గుమాస్తాగారూ, కుర్చీ అక్కడికి జరిగిందేం? గాలి బాగా వస్తోందా?"

కోడలు చేతిగడియారం చూసుకుంది.

"ఆవిడ బంధుత్వం ప్రకటించి తప్పుకున్నారు," అంది కార్యదర్శి తలెత్తకుండా. "మీకు ఈ ఆఫీసులో ఎవరితోనైనా బంధుత్వం ఉంటే మీరూ ప్రకటించవచ్చు."

"నాకు పంపులతోనే మేడం బంధుత్వం."

"పదకొండేళ్ళ కాపురం," అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రి. "అయినా ఒక్క ఏడాదీ పూర్తిగా కలిసి ఉన్నట్టు రాయలేదు."

లెక్కల విభాగంలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. అద్దెబాబు కాలు మార్చి వేసుకున్నాడు. "వేళకి వచ్చావే ఈసారి. ఒంట్లో బాగుందా?"

మేస్త్రి పెట్టె వైపు చూశాడు. చెయ్యి జేబులో ఫారంమీద ఉంది. ఆ చెయ్యి బయటికి రాకపోవడం కోడలు అంత దూరంనుంచీ చూసింది. లేచి ఒక్క మాట చెబితే చాలు. చెప్పే హక్కు తన సంతకంతో తానే వదులుకుంది. ఆమె కూర్చునే ఉంది.

రెండూ నలభై అయింది.

గుమ్మంలో అత్తగారు కనిపించింది. వెనక మామగారు. ఇస్త్రీ చొక్కా, పైగుండీ వరకు పెట్టుకుని ఉన్నారు. పదవీ విరమణ చేసిన తర్వాత ఆయన ఈ హాల్లో అడుగుపెట్టలేదు. పాత గుమాస్తాలు ఇద్దరు అలవాటుకొద్దీ లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళను చూడలేదు. తమ్ముడిని కూడా చూడలేదు. తిన్నగా కార్యదర్శి బల్ల దగ్గరికి వెళ్ళారు.

"పదకొండేళ్ళ కిందటి టెండరు విషయంలో ఒక వాంగ్మూలం రాసుకొచ్చాను. దఖలు చేసుకోండి."

"మేడం," అన్నాడు అద్దెబాబు, "టెండరు రోజున ఈ పాత కథలేంటి? దీనికి నేను అభ్యంతరం చెబుతున్నాను."

"గడువుకి ఇంకా పంతొమ్మిది నిమిషాలుంది. ఈలోపు ఎవరు కాగితమిచ్చినా తీసుకుంటాను. మీ అభ్యంతరం కూడా కాగితంమీద ఇవ్వండి, దాన్నీ తీసుకుంటాను." కార్యదర్శి మామగారి వైపు తిరిగింది. "చదివి వినిపిస్తారా? చదవాలని రూలేం లేదు."

"లేదు," అన్నారు ఆయన. అయినా కాగితం విప్పారు.

ఆయన గొంతు ఆఫీసు గొంతే. ప్రతి మాటా విడివిడిగా పలికారు. కార్యాలయపు గోడ గడియారాన్ని సిబ్బంది క్రమశిక్షణ నిమిత్తం తానే ఎనిమిది నిమిషాలు ముందుకు జరిపి ఉంచానని, టెండరు గడువును ఆ గడియారం ప్రకారమే ముగించానని, పంపుల మేస్త్రి కవరు వాస్తవానికి గడువుకు ఆరు నిమిషాలు ముందే అందిందని, దానిని ఆలస్యమని తిరస్కరించడం పొరపాటని చదివారు. చదివి కాగితం బల్లమీద పెట్టారు.

అత్తగారు ఊపిరి వదిలింది. పాత గుమాస్తాలు ఇద్దరూ నేలచూపులు చూస్తున్నారు. ఆ గడియారం సంగతి వాళ్ళకూ తెలుసు. వాళ్ళలో ఒక్కరూ ఆ రోజు నోరెత్తలేదు.

కోడలు మాత్రం ఊపిరి వదలలేదు. కాగితంలో ఏది లేదో ఆమెకు తెలుసు.

"అంతేనా?" అన్నాడు మేస్త్రి.

మామగారు అప్పుడు మొదటిసారి తమ్ముడివైపు తిరిగారు.

"పొరపాటని రాశావు. సరే. పొరపాటు ఎవరికైనా వస్తుంది. నాకూ వస్తుంది. పోయిన నెల ఒకాయన మోటారుకి తీగ తలకిందులుగా చుట్టాను." మేస్త్రి ఒక అడుగు ముందుకు వేశాడు. "నీకెప్పుడు తెలిసిందన్నయ్యా?"

"అది రాయనవసరం లేదనుకున్నాను."

"నాకు అవసరం."

"మేడం, ఇది ఇంటి గొడవ," అన్నాడు అద్దెబాబు.

"మీరు కూర్చోండి," అంది కార్యదర్శి.

మామగారు బల్ల అంచు పట్టుకున్నారు. ఆ చేత్తో ఎన్ని ఫైళ్ళమీద ఎన్నివేల సంతకాలు చేశారో లెక్కలేదు. ఒక్కొక్క సంతకమూ తప్పులేనిదేనని ముప్పయ్యారేళ్ళు నమ్మారు. ఆ నమ్మకాన్ని ఇప్పుడు నలుగురిముందూ దించిపెట్టాలి. సగం దించి, సగం అట్టిపెట్టుకుందామని వచ్చారు. తమ్ముడు ఆ సగానికి ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోకపోవడం న్యాయమే.

"ఆ సాయంత్రమే తెలిసింది," అన్నారు.

గొంతు ఆఫీసు గొంతు కాదు.

"ఆ సాయంత్రమే తెలిసింది. ఇంటికెళ్ళగానే. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందొచ్చి గడియారం సరిచేశాను. నీ కవరు బల్లమీదే ఉంది. దాన్ని ఫైల్లో కుట్టేశాను. వేరేవాళ్ళదైతే చెప్పేవాణ్ణి. నీది కాబట్టే చెప్పలేదు. నాకు పక్షపాతం అంటగడతారని భయపడ్డాను. నువ్వు తాగి వచ్చావని ఊరంతా అంటుంటే విన్నాను. కాదని నాకు తెలుసు. నా ఎదురుగా అన్నవాళ్ళతో కూడా కాదనలేదు."

ఆయన బల్ల అంచు వదిలారు.

"నువ్వు ఆలస్యంగా రాలేదురా," అన్నారు మామగారు. "నేనే ఆలస్యంగా వచ్చాను. పదకొండేళ్ళు."

మేస్త్రి పెదవులు బిగించి, పైకప్పు వైపు చూసి, మళ్ళీ కిందికి చూశాడు. కాసేపటికి చెయ్యి చాపాడు. కరచాలనానికి అనుకుని మామగారు తన చెయ్యి ఇవ్వబోయారు.

"కలం," అన్నాడు మేస్త్రి.

అత్తగారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామగారు ముందు ఆ మాటలన్నీ వాంగ్మూలం కింద తన చేత్తోనే రాశారు. ఒక్క మాటా తగ్గించలేదు. కార్యదర్శి పక్కన తేదీ, వేళ వేసి సంతకం చేసింది. అప్పుడు ఆయన కలం తమ్ముడికి ఇచ్చారు. మేస్త్రి గోడకు ఫారం ఆనించి ఏడో గడి నింపాడు. 'తిరస్కరించారు. గడువులోపలే ఇచ్చాను. ఇవాళ దఖలైన వాంగ్మూలం చూడగలరు.' రాసి, రెండుసార్లు చదువుకుని, సంతకం పెట్టి, కవరు అంటించి పెట్టెలో వేశాడు.

రసీదుమీద కార్యదర్శి వేసిన వేళ రెండు గంటల యాభై ఒక్క నిమిషం.

అద్దెబాబు అభ్యంతరం రాయడానికి కాగితం అడిగి తీసుకున్నాడు. చాలాసేపు కలం మూత తీస్తూ, పెడుతూ ఉన్నాడు.

కిటికీ దగ్గర కోడలు ముఖం పక్కకు తిప్పుకుంది. ఇంతసేపూ మాట్లాడకుండా ఉండడమే ఆ రోజు ఆమె చేసిన ఉద్యోగం.

"మూడింటికి పెట్టె తెరుస్తాం," అంది కార్యదర్శి మేస్త్రితో. "ధరలు బయటికి చదువుతాం. టెండరు వేసినవారికి దగ్గరుండి చూసుకునే హక్కుంది. ఉండండి."

మేస్త్రి అన్నగారి వైపు చూశాడు. పొద్దున్నుంచి ఏమీ తినని ముఖం అది. ఆ ముఖాన్ని చిన్నప్పటినుంచి ఎరిగిన మనిషికి అది చెప్పనక్కరలేదు.

"మీరు చదవండి మేడం," అన్నాడు. "తక్కువ ధర ఎవరిదైతే వాళ్ళకివ్వండి. నాకు రావలసింది వచ్చేసింది."

ఆయన అన్నగారి మోచేయి పట్టుకున్నాడు. "పద అన్నయ్యా. మా ఇంటికి పోదాం. అన్నం వండే ఉంటుంది."

మామగారు కదలబోయి ఆగారు. "ముందు ఆ కుళాయి దగ్గరికి వెళ్ళాలిరా," అన్నారు. "ఈ వేళకి అక్కడ అందరూ ఉంటారు. ఇప్పుడు చెప్పింది అక్కడ కూడా చెప్పాలి."

ఆయన చెప్పారు. వరుసలో ఉన్న ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి, చివరి మాట వరకు విన్నారు.